రోకలి పడేదాకా

ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. కొమురవెల్లి మల్లన్న మీద ఒట్టు. ఆ ఒట్టు చాలదనేవాళ్లు మా బజారులోనే చాలామంది ఉన్నారు కనుక, నా దుకాణం గల్లాపెట్టె మీద కూడా చెయ్యి పెట్టి చెబుతున్నాను. గల్లా మీద అబద్ధపు ఒట్టు పెట్టిన వ్యాపారి మర్నాడు బోణీ చూడడు. కన్నతల్లి, మా అవ్వ మీద మాత్రం ఒట్టు పెట్టను. ఆమె పక్కగదిలోనే ఉంది, చెవులు బాగా పనిచేస్తాయి.

మాది సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం. బిందెలు, గంజులు, పళ్లేలు, పెండ్లి సామాను. కొన్నవాళ్ల పేరు సామాను మీద చుక్కలు చుక్కలుగా కొట్టి ఇచ్చేది కూడా నేనే. పేరు కొడుతున్నంతసేపూ గిరాకీ ఊరికే కూర్చోలేదు కదా, అందుకని కథలు చెబుతాను. మా బిందెలో నీళ్లు పోసి ఎండాకాలం రాత్రి ఆరుబయట పెడితే తెల్లారేసరికి మంచు కడుతుందని కోహెడ నుంచి వచ్చిన ఒక రైతుకు చెప్పాను. ఆయన కొన్ని నెలలకు మళ్లీ వచ్చి, గడ్డ కట్టలేదు గానీ అంచున కొంచెం కట్టినట్టే కనబడిందని చెప్పి ఇంకో బిందె కొన్నాడు. అబద్ధం నాది, కన్ను ఆయనది. నా తప్పేముంది.

అట్లాంటి మనిషి భయపడితే ఎట్లా ఉంటుందో ఇప్పుడు చెబుతాను.

నాకు చిన్నప్పటి నుంచీ దమ్ము. చలి మొదలైందంటే ఛాతీలో పిల్లికూతలు. పడుకుంటే ఊపిరి అందదు, మెత్తలు గోడకు పెట్టుకొని కూర్చోవాలి. దుకాణం పెట్టిన కొత్తలో ఒక డాక్టరు చిన్న తెల్ల గోలీలు రాసిచ్చి, నాలుగు రోజులు వేసుకొని మళ్లీ రమ్మన్నాడు. రెండో రోజుకే పిల్లి పారిపోయింది. పారిపోయిన పిల్లి గురించి మళ్లీ డాక్టరు దగ్గరికి ఎవరు పోతారు? నేను ఆ గోలీలనే పట్టుకున్నాను. దమ్ము వస్తే రెండు, వచ్చేటట్టుంటే ఒకటి, రాకుండా ఉండాలని ఒకటి. మందుల దుకాణంలో నన్ను చీటీ అడిగినవాడు లేడు. నాలుగు రోజుల మందును అట్లా ఏండ్లకేండ్లు మింగాను.

ఒళ్లు వచ్చింది. ముందు సంతోషపడ్డాను. మొఖం గుండ్రంగా, బుగ్గలు కండ్లను మింగేటట్టు ఉబ్బింది. మా దుకాణంలో గోడ నిండా పళ్లేలు వేలాడుతుంటాయి. తలెత్తితే ప్రతి పళ్లెంలోనూ నా మొఖం. ఏది పళ్లెమో, ఏది నేనో గిరాకీలకు తెలియడం కష్టమయింది. "సేటు మస్తు కమాయిస్తుండు, మొఖంల కనవడుతుంది" అనేవాళ్లు. కానీ చొక్కా తీస్తే వేరే సంగతి. చెయ్యి తలుపుకు తగిలితే చాలు, నేరేడుపండు రంగు మచ్చ లేచేది. చర్మం ఉల్లిపొరలాగా పలచబడింది. చివరికి ఒకరోజు ఖాళీ గంజు ఎత్తబోతే వెన్నులో పుల్ల విరిగినట్టయి అక్కడే కూలబడ్డాను. నిండు గంజు కాదు, ఖాళీదే.

హైదరాబాదులో పెద్ద దవాఖానకు పోయాను. డాక్టరు నా వెన్ను ఫొటో చూసి, మొఖం చూసి, జేబులో ఏముందో చూపెట్టమన్నాడు. గోలీల పట్టీ తీసి బల్ల మీద పెట్టాను.

"ఇవి స్టెరాయిడ్లు. ఎప్పటినుంచి వేసుకుంటున్నావు?"

చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నేను పట్టీ అందుకొని, "మంచిదిగాదంటే ఇయ్యాల్నే బంద్ చేస్త సార్, చెత్తబుట్ట ఏడున్నదో చెప్పున్రి" అన్నాను. నా చేతిలోంచి ఆ పట్టీని ఆయన ఎంత తొందరగా లాక్కున్నాడంటే, నాకు మొదటి భయం అక్కడ పుట్టింది.

"ఆ పని మాత్రం చెయ్యకు. చూడు, మీ ఇంట్లో పొయ్యి ఉంటుంది. దానిమీద వంట అవుతుంటే ఇల్లు నడుస్తుంది. అట్లాగే ప్రతి మనిషికీ కిడ్నీల మీద చెరొక చిన్న గ్రంథి ఉంటుంది. ఈ మందు అసలు అక్కడ తయారవాలి, పొద్దున్నే, మనిషి లేచే వేళకి. నువ్వు ఇన్నేళ్లు బయటనుంచి వండిన కూడు తెచ్చిపెట్టావు. ఇంక నాకేం పని అని అది పొయ్యి ఆర్పేసుకుంది. ఇప్పుడు ఒక్కసారిగా బయటి కూడు ఆపేస్తే ఏమవుతుంది?"

"ఇల్లు పస్తుంటది సార్."

"ఇల్లు పడిపోతుంది. రక్తపోటు దిగిపోయి ఉన్నచోటే కూలుతావు. అందుకని కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. నెలలు పడుతుంది. పొద్దున ఎనిమిదింటికి, ఏదైనా తిన్నాక. ఖాళీ కడుపుతో వద్దు, పుండు పడుతుంది. సాయంత్రం వద్దు, నిద్ర రాదు, పైగా తెల్లారి గ్రంథి లేవదు. ఒక్కరోజు కూడా తప్పొద్దు. మందు తగ్గేకొద్దీ తప్పడం ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అప్పటికి నీ పొయ్యి రాజుకొని ఉండదు, బయటి కూడూ సరిపోను ఉండదు."

దమ్ముకు పీల్చే మందు వేరే రాసిచ్చాడు. బయట వరండాలో బెంచీ మీద కూర్చుంటే పక్కన ఒకామె, రాయపోల్ నుంచి వచ్చిందట, నా చేతిలో పట్టీ చూసి దగ్గరికి జరిగింది.

"గివే గోలీలు మా ఆయనకు గుడ. కీళ్లనొప్పులకు యేసుకునేటోడు. ఒక్కపొద్దులున్నడని ఆపిండు."

"ఆపితే?"

"ఆపితే ఏందన్నా, చేన్ల నీళ్లు పెట్టవోయి ఒడ్డు మీద అడ్డం పడ్డడు. కండ్లు తెరిచే ఉన్నయి, పిలిస్తే పలుకడు. నాడి దొరుకుత లేదన్నరు. ఇగో, లోపల పండవెట్టిన్రు." ఆమె కొంగుతో మొఖం తుడుచుకొని నా దిక్కు చూసింది. "నువ్వేం ఆపకు అన్నా."

అక్కడినుంచి సిద్దిపేటకు బస్సులో వచ్చిన దారి నాకు గుర్తులేదు. కండ్లు తెరుచుకొని ఒడ్డు మీద పడుకున్న ఆ మనిషిని నేను చూడనే లేదు, కానీ ఆ రోజు నుంచి ఆయన నా కండ్లలోంచి పోలేదు.

ఇంట్లో ఎనిమిది గంటలదే రాజ్యమయింది. అంతకుముందు నేను ఎప్పుడు లేస్తే అప్పుడే పొద్దు. ఇప్పుడు గడియారం ముల్లు దగ్గరికి రాకముందే తిని, మంచినీళ్ల గ్లాసు పట్టుకొని దానికెదురుగా కూర్చునేవాణ్ని. మందు తగ్గి సగం గోలీకి వచ్చాక గడ్డం బ్లేడుతో కోయడం మొదలైంది. నా భార్య ఒక కాగితం కింద పరిచేది, రాలిన పిండి కూడా నా నోట్లోకే పోవాలని. "బంగారం కోసేటోడు గుడ ఇంత పానం పెట్టి కొయ్యడు" అనేది.

మందు తగ్గేకొద్దీ ఒళ్లు నానబెట్టిన గుడ్డలాగా బరువెక్కింది. మోకాళ్లు, మణికట్లు నొప్పి. పేరు కొడుతుంటే సుత్తె పక్కకు పోయి ఒక పెండ్లి బిందె మీద పిల్ల పేరులో చుక్కలు అటుఇటు అయ్యాయి. ఊరికే ఏడుపొచ్చేది. ఎవరైనా బేరమాడితే కండ్లలో నీళ్లు తిరిగేవి, వాళ్లేమో నాకు నష్టమనుకొని అడిగినంతా ఇచ్చి పోయేవాళ్లు. అదొక్కటే లాభం. లేచి నిలబడితే కండ్ల ముందు చీకటి. అది ఆ మనిషి పడిపోయే ముందు చూసిన చీకటేనా అని గోడ పట్టుకొని నిలబడి చూసేవాణ్ని. నడుముకు రెండు పక్కలా చేతులు పెట్టుకొని, రాజుకున్నవా, లేదా అని లోపల అడిగేవాణ్ని.

ఒంటరిగా మోయలేక ఒకరోజు చాయ్ హోటల్లో ఈ సంగతంతా చెప్పాను. నా పక్క దుకాణం బట్టల సేటు, మాది ఒకే గోడ ఇల్లు కూడా, శ్రద్ధగా విన్నాడు. పొయ్యి ఆరిపోయిందన్న దగ్గర గ్లాసు కింద పెట్టాడు.

"మొన్న బిందెల మంచు పెట్టినవ్. ఇప్పుడు కిడ్నీల మీద పొయ్యి పెట్టినవా?"

"నిజం చెప్తున్ననే."

"మరి పొగ ఏడికెల్లి పోతది?"

హోటలంతా నవ్వింది. ఇంకొకరు, "ఆయన బీడీ తాగడు గద, అయినా దమ్మెందుకొచ్చిందో ఇప్పుడు సమజయింది" అన్నారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే ఏడుపొచ్చేది. నేను చెప్పిన అబద్ధాలన్నిటినీ డబ్బులిచ్చి కొనుక్కుపోయిన ఊరు, ఒక్క నిజం తెస్తే ఊరికే ఇస్తానన్నా తీసుకోలేదు.

ఇట్లా ఉండగా దీపావళి వచ్చింది. ఆ ఏడాది దీపావళి తెల్లారే సూర్యగ్రహణం, అదీ పొద్దున్నే, సరిగ్గా నా ఎనిమిది గంటల మీద.

ఇక్కడ మా అవ్వ సంగతి చెప్పాలి. మా గల్లీకి గ్రహణం పట్టిందీ విడిచిందీ తెలిసేది రేడియోతో కాదు, మా అవ్వ రోకలితో. ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి వాకిట్లో పెట్టి, అందులో రోకలి నిలబెడుతుంది. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి దానంతట అదే నిలబడి ఉంటుంది, విడవగానే పడిపోతుంది. అది పడేదాకా మా గల్లీలో ఎవరూ మంచినీళ్లు ముట్టరు. గ్రహణానికి ముందు రాత్రే వంటింట్లో ప్రతి దానిమీదా గరికపోచ వేస్తుంది, పాల మీద, పెరుగు మీద, తొక్కు జాడీల మీద. వండినవేవీ మిగలకూడదు. విడిచాక తలస్నానాలు, ఇల్లు కడగడం, ఆ తర్వాతనే పొయ్యి.

ఇంత పట్టుదల ఆమెకు ఊరికే రాలేదు. నా చిన్నప్పుడు ఒక గ్రహణంలో బాపు, అంటే మా నాన్న, దాహమని అడిగితే ఆమె గుక్కెడు నీళ్లిచ్చిందట. ఆ నెలలోనే బాపు జ్వరమొచ్చి పోయాడు. జ్వరం మీద తప్పు పెట్టినవాళ్లే అందరూ. అవ్వ మాత్రం ఆ గ్లాసు మీద పెట్టుకుంది.

దీపావళినాడు తెల్లవారుజామున నూనె పెట్టి తలస్నానం చేయించి, పీట మీద కూర్చోబెట్టి అవ్వా నా భార్యా నాకు మంగళహారతి ఇచ్చారు. హారతి ఇచ్చినాక పళ్లెంలో పైసలు వేయడం మా దగ్గర ఆచారం. కొత్త చొక్కా జేబులోంచి మడత నోట్లు తీసి వేశాను. అవ్వ మెటికలు విరిచింది. తిని దుకాణానికి పోయాను. పండుగ గిరాకీ, సాయంత్రం దుకాణంలో లక్ష్మీపూజ. పూజ కాగానే చీకటి పడకముందే ఇంటికి పరుగెత్తి ఇంత తిన్నాం, ఎందుకంటే చీకటి పడితే గ్రహణం కట్టుబాటు మొదలవుతుంది. గోలీ వేసుకున్నానా అని ఆ రోజు నన్నెవరైనా అడిగితే, గల్లా మీద చెయ్యి పెట్టి వేసుకున్నాననే చెప్పేవాణ్ని.

తెల్లారి లేవబోతే కాళ్లు లేవలేదు. కిటికీ దిక్కు చూస్తే వెలుతురు మసకగా ఉంది. గ్రహణం పట్టిందేమో అనుకున్నాను. ఇంకా పట్టలేదు. మసక నా కండ్లలో ఉంది. గోడ పట్టుకుంటూ అరుగుదాకా వచ్చి కూర్చున్నాను. వాకిట్లో రోకలి అప్పటికే తాంబాళంలో నిలబడి ఉంది, అవ్వ గడపలో కూర్చొని నోట్లో ఏదో చదువుకుంటోంది. కొంతసేపటికి నిజంగానే ఎండ పాలిపోవడం మొదలైంది. వీధిలో ఒక్క అలికిడి లేదు. కాకులు అరవడం మానేశాయి.

నా భార్య నిన్నటి హారతి పళ్లెం తీసుకొని నా ముందుకు వచ్చి నిలబడింది.

"ఏందయ్యా ఇది?"

పళ్లెంలో పసుపు బియ్యం, ఆరిపోయిన వత్తి, కొన్ని నోట్లు, నోట్ల మధ్య చిన్న కాగితం పొట్లం. కుంకుమనీళ్లకు ఎర్రగా తడిసింది. విప్పింది. సగం గోలీ. బ్లేడుతో నేనే కోసింది. దుకాణంలో ఎనిమిదింటికి వేసుకోవచ్చని నోట్ల మడతలో పెట్టుకొని, ఆ నోట్లతోపాటు అవ్వ హారతికి దానం చేసేశాను.

"అంటే నిన్న యేసుకోలె?" అంది.

లోపల గడియారం ఎనిమిది కొట్టింది.

"అవ్వా," అన్నాను, "నేనింత తినాలె. గోలి యేసుకోవాలె."

అవ్వ చదవడం ఆపింది. "రోకలి పడ్డంక తానం చేసి, ఇల్లు కడిగి వండుతం. గప్పటిదాక ఓపిక పట్టు బిడ్డా."

"గప్పటిదాక ఉండనేమోనే."

"ఒక్కపూటకు ఏమైతది?"

నా భార్య పళ్లెం చూపెట్టింది. "ఒక్కపూట గాదు అత్తా. నిన్నటిది గిందులనే ఉన్నది."

రాయపోల్ ఆయన సంగతి అవ్వకు అంతకుముందు చెప్పలేదు. అప్పుడు చెప్పాను. ఒక్కపొద్దులకు ఆపాడని, ఒడ్డు మీద పడ్డాడని, కండ్లు తెరిచే ఉన్నాయని. అవ్వ విన్నది. విని రోకలి దిక్కు చూసింది. అది నిలువుగా, కదలకుండా నిలబడి ఉంది. చెట్ల సందులోంచి పడే ఎండ చుక్కలన్నీ కొడవళ్లలాగా వంకర తిరిగాయి. ఎవరో మా వాకిట్లో కొడవళ్లు ఆరబెట్టినట్టుంది.

అప్పుడు నేను లేచాను. సరాసరి వంటింట్లోకి పోయాను. పెరుగు మీద గరికపోచను రెండు వేళ్లతో తీసి అవతల పారేశాను. అటుకుల్లో పెరుగు పోసి కలుపుకొని, పళ్లెం తీసుకొని వాకిట్లోకి వచ్చి, నిలబడ్డ రోకలి పక్కనే, కొరికిన సూర్యుడి కింద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. "నీకు రాహువు, నాకు గోలి. ఎవని తిప్పలు వానియి" అని సూర్యుడితో అన్నాను. తిన్నాను. గోలీ మింగాను. అవ్వ గోడ దిక్కు తిరిగి కూర్చుంది, ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. బజారులో ఈ ముక్క నేను చాలాసార్లు చెప్పాను. గ్రహణంలో వాకిట్లో కూర్చొని తిన్నవాడు అంటే నేనే.

తర్వాత సంగతులు తొందరగా చెప్పొచ్చు. మధ్యాహ్నానికి కాళ్లు నావి అయ్యాయి. మర్నాడు బస్సెక్కి దవాఖానకు పోయి జరిగింది చెబితే డాక్టరు తిట్టి, తగ్గించడం ఇంకా నెమ్మది చేశాడు. ఆ చలికాలం గడిచింది, ఎండాకాలం వచ్చింది, సగం పావు అయింది, పావు పోయి రోజు విడిచి రోజుకు వచ్చింది. ఒక రోజు నా రక్తం తీసి చూసి, "రాజుకుంది" అన్నాడాయన, నా పొయ్యి మాట ఇంకా గుర్తుంచుకొని. గోలీ లేని మొదటి పొద్దున నేను ఎనిమిది గంటలకు మంచినీళ్ల గ్లాసు పట్టుకొని అట్లాగే గడియారం ముందు కూర్చున్నాను. ఎనిమిది దాటింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడానికి కూడా అంత భయమేస్తుందని నాకు తెలియదు.

ఇంతవరకు రాసి, అవ్వకు చదువు రాదు కనుక చదివి వినిపించాను. కండ్లు మూసుకొని విన్నది. నిద్రపోయిందనుకున్నాను.

"అంతా బాగనే రాసినవ్," అంది. "మరి రోకలి?"

"నిలబడ్డదని రాసిన గదనే."

"నిలబడ్డది సరే. ఎట్ల పడ్డదో రాయవా?"

"ఎవ్వలకు చెప్పనని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నవ్ గద."

"గప్పుడు ఇంటి పక్కపొంట గా బట్టల సేటు పెండ్లాం ఉండె. ఇప్పుడు వాళ్లు ఇల్లమ్ముకొని పోయిన్రు. నాకెవ్వల భయం?" కండ్లు తెరిచింది. "నువ్వు లేచి వంటింట్లకు పోయినవా? నువ్వు? రాసేదేదో సక్కగ రాయి. మల్లన్న మీద ఒట్టు పెట్టినవ్."

సరే. వంటింట్లోకి పోయి గరిక పారేసి, సూర్యుడి కింద కూర్చొని తిన్నానన్నది నేను కల్పించింది. అదొక్కటే. మిగతాదంతా, ఆ కోహెడ రైతు బిందెతో సహా, నిజం.

నేను లేవలేదు. అరుగు మీద గోడకు ఆనుకొని, సగం గోలీ పిడికిట్లో పట్టుకొని కూర్చున్నాను. అది చెమటకు కరుగుతోందని తెలుస్తోంది. వంటిల్లు పది అడుగులుండదు. నా భార్య, "నేను తీసుకొస్త" అని కూడా అంది. వద్దన్నాను. అవ్వ మాట మీద గౌరవం అని రాస్తే బాగుంటుంది. అది కాదు. నాకు కిడ్నీల మీద పొయ్యి ఉందన్నదీ నమ్మకమే, సూర్యుణ్ని పట్టిన వేళ అన్నం విషమవుతుందన్నదీ నమ్మకమే. తింటే బాపులాగా పోతాను. తినకపోతే ఒడ్డు మీద మనిషిలాగా పోతాను. రెండింట్లో దేనికి ఎక్కువ భయపడాలో తెలియక ఏడుస్తున్నాను. నలభై ఏండ్లు దాటినవాణ్ని, మీసాలున్నవాణ్ని, ముక్కు తుడుచుకోవడానికి కూడా పిడికిలి విప్పకుండా ఏడుస్తున్నాను.

అవ్వ నా పిడికిలి దిక్కు చూసింది. లేచి వాకిట్లోకి దిగింది. అప్పుడే గోడ అవతలినుంచి బట్టల సేటు భార్య గొంతు వినబడింది.

"అత్తా, రోకలి ఇంక నిలబడ్డదా?"

అవ్వ తలెత్తి చూసింది. సూర్యుడు ఇంకా సగమే ఉన్నాడు. రోకలి దిక్కు చూసింది. రోకలి కింద కొసకు తొడిగిన ఇనుప పొన్ను ఉంటుంది, బల్లపరుపుగా. సామాన్లు అమ్ముకునేవాణ్ని, అట్లాంటిది ఏ రోజైనా నిలబడుతుందని నాకు తెలుసు. ఆమెకు తెలుసో లేదో నేను ఇప్పటికీ అడగలేదు. ఆమె చెయ్యి చాపి రోకలిని తోసేసింది.

తాంబాళం గల్లీ అంతా వినబడేటట్టు మోగింది. నీళ్లు నా కాళ్లదాకా వచ్చాయి.

"పడ్డది," అంది అవ్వ.

"ఇంక చీకటిగనే ఉన్నది గదత్తా?"

"మబ్బు వట్టింది. పోయి తానం చెయ్యి."

గోడ అవతల బొక్కెన చప్పుడు మొదలైంది. దానవతలి ఇంట్లో ఇంకొకటి. గల్లీ అంతా సగం గ్రహణంలో విడుపు స్నానాలు చేస్తుంటే, అవ్వ స్నానం చేయకుండానే వంటింట్లోకి పోయింది. గరిక తీసేసింది. అటుకులు పెరుగులో నానబెట్టి తెచ్చింది. నా ముందు కూర్చుంది. మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుంది. నమిలి, మింగి, చెయ్యి ఒళ్లో పెట్టుకొని ఊరుకుంది. నేను చూస్తున్నాను, నా భార్య చూస్తోంది.

"ఏంజేస్తున్నవే?"

"విషమైతే ముందు నాకెక్కాలె గద. ఆగు."

కొంచెంసేపు ఆగాం. ఆమెకేమీ కాలేదు. రెండో ముద్ద నా నోట్లో పెట్టింది. ఆమె వేళ్లు నా పండ్లకు తగిలాయి. మూడో ముద్దకు, "పిడికిలి తెరువు" అంది. గోలీ పిండి పిండి అయింది. నా అరచెయ్యి పట్టుకొని ఆ పిండినంతా నా నాలుక మీదికి దులిపి, నీళ్లు తాగించింది. గ్లాసు పట్టుకున్నప్పుడు మాత్రం కండ్లు మూసుకుంది.

ఆ రోజు ఆమె నాతో మాట్లాడలేదని రాసింది కూడా తప్పే. మాట్లాడుతూనే ఉంది. పొద్దుగూకేదాకా ఇద్దరం ఆ అరుగు దిగలేదు, ఒకరినొకరు కనిపెట్టుకుంటూ కూర్చున్నాం.

"ఎట్లున్నదిరా?"

"బాగనే ఉన్న. నీకెట్లున్నదే?"

"నా సంగతెందుకు. నాలుక చూపెట్టు."

చూపెట్టాను. నీలమెక్కలేదని తేల్చుకునేదాకా వదిలిపెట్టలేదు.

"నీది చూపెట్టు," అన్నాను.

నా భార్య దీపం పెట్టడానికి వచ్చేసరికి ఇద్దరం నాలుకలు బయటపెట్టుకొని కూర్చున్నాం. ఆమె మమ్మల్ని చూసింది. దీపం కొంచెం దగ్గరికి జరిపి పెట్టింది, బాగా కనబడాలని.